ఎక్సెల్ నుంచి మైఎస్‌క్యూఎల్‌లోకి 18,600 వరుసలు: పేర్లు ప్రశ్నార్థకాలు, అప్పులు ఒక రూపాయి, ఇంటి నంబర్లు తేదీలు

సొసైటీ_లెడ్జర్
వ్యవసాయ పరపతి సంఘం సభ్యుల జాబితా ఎక్సెల్‌లో ఉంది. నలుగురు గుమస్తాలు నాలుగు ఫైళ్ళలో కొట్టినవి ఒకటి చేశాం, మొత్తం 18,600 వరుసలు. కాలమ్స్ ఇవి: సభ్యత్వ సంఖ్య, పేరు, తండ్రి/భర్త పేరు (రెండూ తెలుగులో), ఇంటి నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఆధార్, సెల్, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా, అప్పు నిల్వ. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7.

దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైల్) సేవ్ చేసి, పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో (డేటాబేస్‌ని బ్రౌజర్‌లోంచి నడిపే సాధనం) ఎక్కిస్తే మొదటి వరుసలోనే ఆగింది. ఎర్రర్ 1366, ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ '\ఎక్స్‌ఈ0\ఎక్స్‌బీ0\ఎక్స్‌85...' అంది. తర్వాత ఫైల్‌ని నేరుగా ఎక్కించే లోడ్ డేటా లోకల్ ఇన్‌ఫైల్ కమాండ్ వాడా, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 కూడా పెట్టా. ఒక్క ఎర్రర్ లేకుండా ఎక్కేసింది. చివర్న రికార్డ్స్ 18600, డిలీటెడ్ 0, స్కిప్డ్ 388, వార్నింగ్స్ దగ్గర పెద్ద అంకె.

టేబుల్ తెరిచి చూస్తే పేర్లన్నీ ?????. పుట్టిన తేదీలన్నీ 0000-00-00. సెల్ నంబరు అందరికీ 2147483647. 1,25,000 అప్పు ఉన్నాయనకి 1.00. ఆధార్ 2.34568ఈ+11. ఇంటి నంబరు 2-45 కాస్తా ఫిబ్-45. వరుసలు 18,212 మాత్రమే. ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్న_సర్వర్
ఎస్‌క్యూఎల్ మోడ్‌లో స్ట్రిక్ట్ (సరిపడని విలువ వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపే సెట్టింగ్) తీసేసి పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోనే మళ్ళీ ఎక్కించండి. 1366 రాదు.

ఓరుగల్లు_డీబీఏ
@చిన్న_సర్వర్ ఆ పని చెయ్యొద్దు తమ్ముడూ. ఎర్రర్ రాదు, డేటా మాత్రం ఇప్పుడు ఎట్ల పాడైందో అట్లనే పాడైతది. ఆయన టేబుల్‌లో ఉన్నది అదే కదా.

@సొసైటీ_లెడ్జర్ లోకల్ అన్న మాట దగ్గర ఉంది తిరకాసు. లోకల్‌తో ఎక్కిస్తే ఫైల్ మీ కంప్యూటర్ (క్లయింట్) నుంచి పారుతూ వస్తుంటది, సర్వర్ మధ్యలో ఆపలేదు. అందుకని స్ట్రిక్ట్ ఉన్నా సరే డేటా ఎర్రర్లన్నీ వార్నింగులుగా మారిపోతయి, డూప్లికేట్ కీ (ఒకే గుర్తింపు సంఖ్య రెండోసారి) వచ్చిన వరుసలు చప్పుడు లేకుండా పోతయి. మీ 388 పోయింది అట్లనే. లోడ్ అవ్వంగనే షో వార్నింగ్స్ కొట్టి చూడాలె. 5.7లో డిఫాల్ట్‌గా 64 మాత్రమే దాచుకుంటది. ముందే సెట్ మాక్స్_ఎర్రర్_కౌంట్ = 65535 పెట్టుకోండి.

ఆ టేబుల్‌ని ఖాళీ చేసెయ్యండి. ఎక్సెల్ ఒరిజినల్ నాలుగు ఫైళ్ళు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి, తెరిచినా సేవ్ చెయ్యకండి.

అక్షరం_56
'ఈ0 బీ0 85' అంటే యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి, మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అంటారు) 'అ'. మొదటి సభ్యుడి పేరు అప్పారావో, అంజయ్యో అయ్యుండాలి. అంటే ఫైల్‌లో తెలుగు క్షేమంగా ఉంది. తెలుగు యూనికోడ్ గది 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. యూటీఎఫ్-8లో ప్రతి గుర్తూ మూడు బైట్లు, ఎప్పుడూ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1తోనే మొదలవుతుంది. ఎర్రర్‌లో ఆ బైట్లు కనిపించాయంటే ఫైల్ మంచిదే, కాలమ్‌కే తెలుగు పట్టే చోటు లేదు. 5.7లో ఏమీ చెప్పకుండా టేబుల్ కడితే లాటిన్1 (ఇంగ్లీషు, ఐరోపా అక్షరాలే పట్టే పాత కోడ్) వస్తుంది. 8.0 నుంచే డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4.

సొసైటీ_లెడ్జర్
@అక్షరం_56 అంజమ్మ అండి మొదటి పేరు! కానీ డేటాబేస్‌ని నిన్ననే ఆల్టర్ డేటాబేస్ అని యూటీఎఫ్8ఎంబీ4 చేశాను కదా?

అక్షరం_56
అది ఇకముందు కట్టబోయే టేబుళ్ళకే వర్తిస్తుంది, ఉన్నవాటిని తాకదు. షో క్రియేట్ టేబుల్ సభ్యులు కొట్టి కింద చార్‌సెట్ చూడండి. మార్చడానికి:

ఆల్టర్ టేబుల్ సభ్యులు కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4;

ప్రశ్నార్థకాలు అయిపోయినవి మాత్రం తిరిగి రావు. లాటిన్1లో ఆ అక్షరానికి చోటు లేక సర్వరే '?' రాసేసింది, అసలు బైట్లు డిస్క్‌లో లేవు. మళ్ళీ ఎక్కించడమే.

నెల్లూరు_నెట్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మా టేబుల్‌లో ???? కాదు. నెత్తిన గీతలు పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఇలా బారుగా ఉంటాయి. అదీ పోయినట్టేనా?

అక్షరం_56
@నెల్లూరు_నెట్ పోలేదు. మీ బైట్లు అన్నీ ఉన్నాయి, యూటీఎఫ్-8ని లాటిన్1 అనుకుని దాచారు అంతే. ముందు ఒక వరుస మీద చూడండి:

సెలెక్ట్ కన్వర్ట్(క్యాస్ట్(కన్వర్ట్(పేరు యూజింగ్ లాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4) ఫ్రమ్ సభ్యులు లిమిట్ 5;

తెలుగు కనిపిస్తే టేబుల్‌కి కాపీ తీసుకుని అప్‌డేట్ చెయ్యండి. కాలమ్ ఇంకా లాటిన్1గానే ఉంటే ముందు వార్‌బైనరీకి (ఉత్త బైట్ల కాలమ్), అక్కణ్ణుంచి యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్‌కి (అక్షరాల కాలమ్), ఇలా రెండడుగుల్లో మార్చాలి. నేరుగా కన్వర్ట్ టు కొడితే పాడైనదాన్నే పాడైనట్టుగా భద్రంగా మారుస్తుంది.

(కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాం గానీ, కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలి.)

బెజవాడ_బైట్
పేర్ల సంగతి తేలింది కాబట్టి సెల్, అప్పు. 2147483647 అనేది ఇంట్ (పూర్ణాంకాల) కాలమ్‌లో పట్టే పెద్ద అంకె. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలు, ఏదీ పట్టదు. అందుకే అందరికీ ఆ ఒక్క నంబరే. బిగ్‌ఇంట్ పెడితే పడుతుంది గానీ, నా మాట వినండి, వార్‌చార్(15) పెట్టండి. సెల్ నంబర్లని ఎవరూ కూడరు, గుణించరు. ఆధార్, ఖాతా నంబరు, పిన్‌కోడు, సభ్యత్వ సంఖ్య, అన్నీ అంతే. కూడికకి పనికిరానిది అంకె కాదు, అక్షరమే.

అప్పు: 1,25,000 లో మొదటి కామా దగ్గర మైఎస్‌క్యూఎల్ ఆగిపోయింది, 1 మిగిలింది. ₹ గుర్తు ఉంటే సున్నాయే వచ్చేది. లోడ్‌లోనే రీప్లేస్ పెట్టి కామాలు తీసేస్తే చాలు.

ఓరుగల్లు_డీబీఏ
ఇప్పుడు అసలు పద్ధతి. అసలు టేబుల్‌లోకి నేరుగా ఎక్కించొద్దు. ముడి_సభ్యులు అని ఇంకో టేబుల్ కట్టండి. ప్రతి కాలమూ వార్‌చార్(255), చిరునామా లాంటివుంటే టెక్స్ట్. ఇంట్ లేదు, డేట్ లేదు, యునీక్ లేదు, నాట్ నల్ లేదు. అదనంగా రెండు కాలమ్స్: వరుస_సంఖ్య ఆటో ఇంక్రిమెంట్, ఏ_ఫైల్. నాలుగు ఫైళ్ళని ఒకటి చెయ్యకుండా విడివిడిగా ఎక్కించండి. ఏ గుమస్తా ఫైల్‌లో ఏ జబ్బు ఉన్నదో అప్పుడే తెలుస్తది.

లోడ్ డేటా లోకల్ ఇన్‌ఫైల్ 'ఫైల్1.సీఎస్‌వీ'
ఇన్‌టు టేబుల్ ముడి_సభ్యులు
క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4
ఫీల్డ్స్ టెర్మినేటెడ్ బై ',' ఆప్షనల్లీ ఎన్‌క్లోజ్డ్ బై '"'
లైన్స్ టెర్మినేటెడ్ బై '\ఆర్\ఎన్'
ఇగ్నోర్ 1 లైన్స్
(సభ్యత్వం, పేరు, తండ్రి_భర్త, ఇల్లు, సర్వే, విస్తీర్ణం, ఆధార్, సెల్, పుట్టిన, ఖాతా, అప్పు)
సెట్ ఏ_ఫైల్ = 'ఫైల్1';

స్కిప్డ్ 0, వార్నింగ్స్ 0 రావాలె. రాకపోతే ముందుకు పోవద్దు. అంతా అక్షరాలే, ఏ కీ లేదు కాబట్టి ఇంక మామూలుగా వచ్చేవి రెండే వార్నింగులు. 1261 అంటే వరుసలో కాలమ్స్ తక్కువైనయి, 1262 అంటే ఎక్కువైనయి. రెంటికీ మూలం కొటేషన్ గుర్తులో, సెల్ లోపల ఆల్ట్ ఎంటర్ కొట్టి విరగ్గొట్టిన లైన్లో.

సీమ_కోడర్
'\ఆర్\ఎన్' (లైన్ ముగింపు గుర్తు) అన్నదాన్ని దాటెయ్యాకండి. విండోస్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీకి ఉత్త '\ఎన్' పెడితే వరుస చివర '\ఆర్' మిగిలి ఆఖరి కాలమ్‌కి అంటుకుంటాది. కంటికి కనపడదు. లెంగ్త్(అప్పు) చూస్తే ఒకటి ఎక్కువుంటాది. లినక్స్‌లో తయారైన ఫైల్‌కి '\ఆర్\ఎన్' పెడితే తిరగబడతాది, ఫైల్ మొత్తం ఒకే వరుస అనుకుని, ఇగ్నోర్ 1 లైన్స్‌తో దాన్నీ దాటేసి, రికార్డ్స్ 0 అంటాది.

బెజవాడ_బైట్
బామ్ కూడా. ఎక్సెల్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని సేవ్ చేస్తే ఫైల్ మొదట మూడు బైట్లు, ఈఎఫ్ బీబీ బీఎఫ్, తగిలిస్తుంది. మొదటి లైన్ హెడింగులైతే ఇగ్నోర్ 1 లైన్స్‌తో అవీ పోతాయి, బాధ లేదు. హెడింగులు లేని ఫైల్‌లో మాత్రం మొదటి సభ్యత్వ సంఖ్య '1' కి ముందు కనపడని గుర్తు ఉండి, ఒక్క ఆ వరుసే ఇంట్‌లోకి వెళ్ళనంటుంది. 'మొదటి వరుస తప్ప అన్నీ ఎక్కాయి' అంటే నూటికి తొంభై పాళ్ళు ఇదే.

చిన్న_సర్వర్
లోకల్ ఆపేసి ఉంటే?

ఓరుగల్లు_డీబీఏ
5.7లో ఎర్రర్ 1148 వస్తది, 8.0లో 3948. సర్వర్‌లో సెట్ గ్లోబల్ లోకల్_ఇన్‌ఫైల్ = 1, క్లయింట్ తెరిచేటప్పుడు --లోకల్-ఇన్‌ఫైల్=1, రెండూ ఉండాలె. లోకల్ లేకుండా సర్వర్ మీది ఫైల్ చదివిస్తే 1290 వస్తది. అప్పుడు షో వేరియబుల్స్‌లో సెక్యూర్_ఫైల్_ప్రివ్ ఏ ఫోల్డర్ చూపిస్తే ఫైల్‌ని అందులో పెట్టాలె. ఇక పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో పెద్ద ఫైల్ ఎక్కకపోతే అది పీహెచ్‌పీ హద్దు. అప్‌లోడ్_మాక్స్_ఫైల్‌సైజ్ డిఫాల్ట్ 2 ఎంబీ, పోస్ట్_మాక్స్_సైజ్ 8 ఎంబీ.

పల్నాడు_పోస్ట్‌గ్రెస్
ఇదే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే కాపీ కమాండ్ ఒక్క తప్పుకే మొత్తం ఆపేసి, ఎన్నో లైనో చెప్పి, ఒక్క వరుస కూడా ఎక్కించకుండా వెనక్కి తీసుకునేది. అప్పు ఒక రూపాయి అయ్యే ప్రశ్నే లేదు. ఇలాంటి లెక్కల సంగతికి మైఎస్‌క్యూఎల్ వాడకూడదనేది నా గట్టి అభిప్రాయం.

బెజవాడ_బైట్
@పల్నాడు_పోస్ట్‌గ్రెస్ ఆపడం మంచిదే, ఒప్పుకుంటా. కానీ ఆధార్ 2.34568ఈ+11ని టెక్స్ట్ కాలమ్‌లోకి పోస్ట్‌గ్రెస్ కూడా కిమ్మనకుండా తీసుకుంటుంది. ఫిబ్-45నీ తీసుకుంటుంది. ఈయన నష్టంలో సగం ఎక్సెల్‌లోనే జరిగిపోయింది, డేటాబేస్ మార్చినా అది తీరదు.

పల్నాడు_పోస్ట్‌గ్రెస్
సగం అన్నది నిజమే. ఆ సగం గురించే మాట్లాడదాం అయితే.

వరుసలూ_నిలువులూ
ఎక్సెల్ వైపు నేను చెబుతా. మూడు రకాల నష్టాలున్నాయి, మూడూ ఒకటి కావు.

ఆధార్: జనరల్ ఫార్మాట్‌లో 11 అంకెల దాకానే నిండుగా చూపిస్తుంది, 12వ అంకె రాగానే ఈ+11 అని కుదిస్తుంది. లోపల అసలు అంకె భద్రంగానే ఉంటుంది. కానీ సీఎస్‌వీలోకి కంటికి కనిపించేదే వెళ్తుంది. కాబట్టి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (ఎక్సెల్ ఒరిజినల్) ఫైల్‌కి వెళ్ళి ఆ కాలమ్‌ని నంబర్ ఫార్మాట్, దశాంశాలు 0 చేసి మళ్ళీ సీఎస్‌వీ తియ్యండి. మొత్తం తిరిగొస్తుంది. అప్పు కాలమ్‌లో కామాలు కూడా ఫార్మాట్ వల్ల వచ్చినవే, అక్కడే తీసెయ్యొచ్చు.

బ్యాంకు ఖాతా: ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరు అంకెగా కొడితే చివరిది 0 అయిపోతుంది, 17 అయితే చివరి రెండూ సున్నాలే. ముందున్న సున్నాలు కూడా పోతాయి. ఇది ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లోనే పోయింది, ఏ ఫార్మాట్ మార్చినా రాదు. పాస్‌బుక్ చూసి కొట్టాల్సిందే. 15 అంకెలు దాటిన ఖాతాలు అన్నీ సున్నాతో ముగుస్తున్నాయంటే అదే గుర్తు.

ఇంటి నంబరు: ఇది మధ్యరకం. కాసేపట్లో రాస్తా, చాలా ఉంది.

భాగ్యనగరం_బిట్స్
ఆధార్ తిరిగొచ్చాక ఒకసారి పరీక్ష చెయ్యండి: సరిగ్గా 12 అంకెలు, మొదటిది 0 గానీ 1 గానీ కాకూడదు, చివరి అంకె వెర్‌హాఫ్ పద్ధతిలో తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నా. ఈ ఫైల్‌ని ఉచితంగా మార్చిపెడతామనే వెబ్‌సైట్లలో ఎక్కించకండి. 18,600 మంది ఆధార్లు, ఖాతాలు అందులో ఉన్నాయి. నిజంగా అవసరం లేకపోతే అసలు టేబుల్‌లో ఆధార్ చివరి నాలుగు అంకెలే ఉంచండి. పని అయిపోయాక ముడి టేబుల్, సీఎస్‌వీలు తుడిచెయ్యండి.

వరుసలూ_నిలువులూ
ఇంటి నంబర్లు. జనరల్ సెల్‌లో గీతతో, స్లాష్‌తో ఏది కొట్టినా తేదీ అవుతుందేమోనని ఎక్సెల్ చూస్తుంది. మన రోజు-నెల సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో:

3-12 కొడితే డిసెంబర్ 3. ఆ ఏడాది తేదీగా దాస్తుంది.
2-45 కొడితే, 45వ నెల లేదు కాబట్టి, ఫిబ్రవరి 1945. లోపల 01-02-1945.
1-8-22 కొడితే 2022 ఆగస్టు 1.
2-45/ఎ కొడితే తేదీ కుదరదు, అక్షరాలుగా క్షేమం.

సర్వే నంబరు 12/3 కి కూడా ఇదే గతి. 112/2 కి ఏమీ కాదు, 112 రోజూ కాదు, నెలా కాదు.

ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చితే వెనక్కి వస్తుందనుకుంటారు. రాదు, 45292 లాంటి అంకె వస్తుంది. 1900 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య అది. 45292 అంటే 2024 జనవరి 1. మైఎస్‌క్యూఎల్‌లో దాన్ని తేదీ చెయ్యాలంటే 1899-12-30కి అన్ని రోజులు కలపాలి. 31 కాదు, 30. 1900 లీపు సంవత్సరం కాకపోయినా ఎక్సెల్ దాన్ని లీపు అనుకుంటుంది. పాత లోటస్ 1-2-3తో పొత్తు కుదరడానికి తెచ్చుకున్న తప్పు అది.

వెనక్కి తెచ్చే దారి: కనిపించే రూపం 'ఫిబ్-45' అయితే నెల-సంవత్సరం, అంటే 2-45. '03-డిసెం' అయితే రోజు-నెల, అంటే 3-12. కానీ ఆ గుమస్తా కంప్యూటర్‌లో రీజియన్ అమెరికా అని ఉంటే 3-12 కొడితే మార్చి 12 అయ్యుంటుంది. కాబట్టి ముందు ఆ కంప్యూటర్ సెట్టింగ్ కనుక్కోండి. గీతా స్లాషా అన్నది ఎలాగూ తెలియదు, కాగితం రిజిస్టరే దిక్కు.

సీమ_కోడర్
ఇంటి నంబర్‌కి పుట్టినరోజు వచ్చిందన్నమాట.

న్యూజెర్సీ_నాని
జన్యువుల పేర్లకే తప్పలేదు ఇది. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువులు ఎక్సెల్‌లో తేదీలైపోతున్నాయని 2020లో మనిషి జన్యువులకు పేర్లు పెట్టే సంఘం ఆ పేర్లనే మార్చేసింది. మార్చ్1 మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్1 సెప్టిన్1 అయింది. 2023లో ఎక్సెల్‌లో ఈ మార్పిడిని ఆపేసే సెట్టింగ్ ఇచ్చారు: ఫైల్, ఆప్షన్స్, డేటా, అందులో ఆటోమేటిక్ డేటా కన్వర్షన్. మైక్రోసాఫ్ట్ 365 ఉంటే గుమస్తాల కంప్యూటర్లలో అక్కడి టిక్కులన్నీ తీసేయించండి.

వరుసలూ_నిలువులూ
పాత ఎక్సెల్ అయితే కొట్టకముందే కాలమ్‌ని టెక్స్ట్ చెయ్యాలి. సీఎస్‌వీని చూడాలంటే డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ, 'డూ నాట్ డిటెక్ట్ డేటా టైప్స్'. లిబ్రేఆఫీస్ కాల్క్ ఇంకా నయం. తెరిచేటప్పుడే అక్షర కోడ్ అడుగుతుంది, ఒక్కో కాలమ్‌నీ టెక్స్ట్ చెయ్యనిస్తుంది. దాచేటప్పుడు 'సేవ్ సెల్ కంటెంట్ యాజ్ షోన్' టిక్ తీసేస్తే కంటికి కనిపించేది కాకుండా లోపలి విలువే ఫైల్‌లోకి వెళ్తుంది.

సొసైటీ_లెడ్జర్
నాలుగు ఫైళ్ళూ విడివిడిగా ముడి టేబుల్‌లోకి ఎక్కించా. స్కిప్డ్ 0, మొత్తం 18,600. ఫైల్1, 2, 4లో తెలుగు శుభ్రంగా వచ్చింది. ఫైల్3లో పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి, కానీ ఎక్సెల్‌లో తెరిస్తే చక్కటి తెలుగే కనిపిస్తోంది! ఇంటి నంబర్లు ఫైల్2లోనే పాడయ్యాయి, అది 2,140 వరుసలు. పుట్టిన తేదీలు అన్నింట్లోనూ గందరగోళమే.

అక్షరం_56
ఫైల్3లో ఫాంటు పేరు చూడండి. అను ఫాంటు అయ్యుంటుంది. డీటీపీ షాపుల్లో అలవాటైనవాళ్ళు అందులోనే కొడతారు. అది యూనికోడ్ కాదు. ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మలు అతికించిన ఫాంటు. చార్‌సెట్ ఎన్ని మార్చినా తెలుగు కాదు, అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాఫ్ట్‌వేర్‌తో ముందు మార్చాలి, అదీ మీ కంప్యూటర్‌లోనే. మార్చాక వత్తులు, ముఖ్యంగా రకారం, ఒక వంద పేర్లలో కళ్ళతో చూడండి, అక్కడే ఎక్కువ తేడా వస్తుంది.

మిగిలిన ఫైళ్ళలో ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని పట్టడానికి:

సెలెక్ట్ వరుస_సంఖ్య, పేరు ఫ్రమ్ ముడి_సభ్యులు వేర్ హెక్స్(పేరు) నాట్ లైక్ 'ఈ0బీ%';

మొదటి అక్షరం తెలుగు కానివన్నీ బయటపడతాయి. ముందు ఖాళీ ఉన్న పేర్లు కూడా.

సీమ_కోడర్
ఖాళీ అంటే గుర్తొచ్చె. వెబ్ పేజీలోంచి కాపీ కొట్టిన పేర్లకి ముందో వెనకో విడదీయని ఖాళీ, కోడ్ 160, ఉంటాది. ట్రిమ్ దాన్ని తీయదు. రీప్లేస్‌లో అన్‌హెక్స్('సీ2ఏ0') ఇచ్చి తీయల్ల.

అక్షరం_56
అవును. తెలుగులో ఇంకో రెండు కనపడని తేడాలున్నాయి. 'రాజ్‌కుమార్' అని పొల్లు విడిగా రావడానికి మధ్యలో జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే వెడల్పు లేని గుర్తు, 200సీ, పెడతారు. అది ఉన్న పేరు, లేని పేరు కొన్ని కొలేషన్లకు (అక్షరాల్ని పోల్చే నియమాలు) ఒకటే, బిన్ కొలేషన్‌కి వేరు. రెండోది ఐత్వం. 'ై' ఒకే గుర్తుగా 0సీ48 రావచ్చు, లేదా 0సీ46, 0సీ56 అని రెండుగా రావచ్చు. తెర మీద రెండూ ఒకటే. పేర్లతో జాయిన్ చేసేటప్పుడు కలవకపోతే హెక్స్ (బైట్ల కోడ్) పక్కపక్కన పెట్టి చూడండి.

కాలమ్ పొడవు కూడా చూసుకోండి. వార్‌చార్(50) అంటే 50 యూనికోడ్ గుర్తులు, మనం పలికే అక్షరాలు కాదు. 'లక్ష్మీనారాయణ' మన లెక్కలో ఆరు, డేటాబేస్ లెక్కలో 13, బైట్లలో 39. ఇంటిపేరు కూడా కలిపి ఉంటే 150 పెట్టండి, లేకపోతే పొడవు చాలలేదని ఎర్రర్ 1406 వస్తుంది.

పల్నాడు_పోస్ట్‌గ్రెస్
ఒరాకిల్‌లో ఇంకా ఘోరం. వార్‌చార్2(50) అంటే డిఫాల్ట్‌గా 50 బైట్లు, తెలుగులో 16 గుర్తులు. ఓఆర్‌ఏ-12899 (పొడవు చాలలేదన్న ఎర్రర్) రాగానే వార్‌చార్2(50 చార్) అని మార్చాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే ఎన్‌వార్‌చార్ కాలమ్, విలువ ముందు ఎన్ అక్షరం పెట్టాలి.

బెజవాడ_బైట్
పుట్టిన తేదీలు. మైఎస్‌క్యూఎల్‌కి సంవత్సరం-నెల-రోజు కావాలి, మీ ఫైల్‌లో 15-08-1962. అసలు టేబుల్‌కి పంపేటప్పుడు స్ట్ర్_టు_డేట్(పుట్టిన, '%డి-%ఎం-%వై'), సంవత్సరం నాలుగంకెలకి పెద్ద వై. అయితే అన్నీ ఒకే రూపంలో ఉండవు కాబట్టి ముందు రూపాల్ని లెక్కపెట్టండి: పొడవు ఎంత, గీతా స్లాషా చుక్కా, గ్రూప్ బై చేసి. ఐదారు రకాలు తేలతాయి, ఒక్కోదానికి ఒక్కో అప్‌డేట్.

రెండు ఉచ్చులు ఉన్నాయి. అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 05-08-1962 కొడితే మే 8 అవుతుంది, 15-08-1962 మాత్రం అక్షరాలుగా ఎడమకు ఒదిగి ఉండిపోతుంది. అలాంటి ఫైల్‌లో నిజం తేదీలు అయినవాటిలో రెండో అంకె ఎప్పుడూ 12 దాటదు. అలా కనిపిస్తే వాటిలో రోజు, నెల తారుమారు చెయ్యాలి.

ఇంకోటి, పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్ళకి 1962 అని కొట్టి ఉంటారు. ఆ సెల్‌కి తేదీ ఫార్మాట్ ఉంటే 15-05-1905 అయి కూర్చుంటుంది, 1962వ రోజు అది. 1940 నుంచి 1999 దాకా ఏది కొట్టినా 1905 ఏప్రిల్, జూన్ మధ్యే పడుతుంది. అక్కడ జనం గుంపుగా కనిపిస్తే వాళ్ళంతా సంవత్సరాలే.

సొసైటీ_లెడ్జర్
@బెజవాడ_బైట్ ఫైల్4లో 1905లో పుట్టినవాళ్ళు 611 మంది ఉన్నారు! 1905-05-15న ఒక్కరోజే 34 మంది. డేటెడిఫ్ పెట్టి 1899-12-30 తీసేస్తే అందరికీ సంవత్సరాలు వచ్చేశాయి.

మరి ఆ 388?

ఓరుగల్లు_డీబీఏ
ముడి టేబుల్‌లో సభ్యత్వం కాలమ్ మీద చూడండి: వేర్ సభ్యత్వం రెగెక్స్‌ప్ '[^0-9]'. నా అంచనా, 112/ఎ, 112/బి లాంటివి. అసలు టేబుల్‌లో ఇంట్ కీ కాబట్టి రెండూ 112 అయి, రెండోది డూప్లికేట్ అని కొట్టేసింది.

సొసైటీ_లెడ్జర్
అదే. తండ్రి పోయాక కొడుకులకి పంచిన సభ్యత్వాలు 371. మిగిలిన 17 నిజంగా రెండుసార్లు కొట్టినవి. సభ్యత్వ సంఖ్య వార్‌చార్(12) చేశా.

ఓరుగల్లు_డీబీఏ
విస్తీర్ణం ఎవరూ అడగలేదు. మీ ఊళ్ళు ఎటువైపు? ఎకరం-గుంటలా, ఎకరం-సెంట్లా?

సొసైటీ_లెడ్జర్
రెండూ ఉన్నాయి అన్నా. సరిహద్దు ఊళ్ళు. కొందరికి భూమి తెలంగాణ వైపు కూడా ఉంది. 2.20 అని ఒకే కాలమ్‌లో.

ఓరుగల్లు_డీబీఏ
అయితే ఇది అన్నింటికన్నా పెద్దది, ఎందుకంటే ఏ ఎర్రరూ రాదు. గుంటల్లో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. దాన్ని డెసిమల్‌గా దాచి 2.20, 2.30 కూడితే 4.50 వస్తది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి నిజానికి 5 ఎకరాల 10 గుంటలు. సెంట్లయితే ఎకరానికి 100, అక్కడ 4.50 సరే. అదిగాక ఎక్సెల్ 2.20ని 2.2 చేస్తది. అప్పుడు రెండు గుంటలా ఇరవై గుంటలా తెలువదు. గీతతో 2-20 అని కొట్టి ఉంటే ఫిబ్-20 అయి ఉంటది.

మూడు కాలమ్స్ పెట్టండి: ఎకరాలు, మిగులు, కొలత ('గుంట' లేదా 'సెంటు'). గుంట అని ఉన్నచోట మిగులు 40కి తక్కువ ఉండాలె, లేకుంటే అది సెంట్లది. కూడికలకి గుంటని 2.5 సెంట్లుగా మార్చి ఇంకో కాలమ్‌లో దాచండి. దశాంశం తర్వాత ఒకే అంకె ఉన్నవన్నీ విడిగా తీసి పాస్‌బుక్‌తో చూడాలె, వేరే దారి లేదు.

లండన్_లెక్క
ఇంకొన్ని ఊళ్ళు కలిపి పెద్ద ఫైల్ చెయ్యబోతే పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌లో దాచకండి. 65,536 వరుసల హద్దు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576. ఇక్కడ ఇంగ్లండులో 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా కోవిడ్ కేసులు 15,841 ఆ హద్దు దగ్గర తెగి లెక్కలోకి రాలేదు. ఎక్కించాక ఫైల్ వరుసలు, టేబుల్ వరుసలు, అప్పు మొత్తం, మూడూ ఎక్సెల్‌తో సరిచూడండి.

సొసైటీ_లెడ్జర్
సరిచూశా. ముడి టేబుల్ 18,600, డూప్లికేట్లు 17 తీసేస్తే అసలు టేబుల్ 18,583. అప్పు మొత్తం నాలుగు ఫైళ్ళకీ పైసలతో సహా కలిసింది. పంపడం స్టార్ట్ ట్రాన్సాక్షన్ పెట్టి, లోకల్ లేకుండా ఇన్సర్ట్ సెలెక్ట్‌తోనే, స్ట్రిక్ట్ ఉంచే చేశా. రెండుసార్లు ఎర్రర్ 1292తో (తేదీ సరికాదని) ఆగింది, రెండూ ఫిబ్రవరి 30న పుట్టినవాళ్ళు.

ఫైల్2 గుమస్తా కంప్యూటర్ రీజియన్ ఇండియానే. ఇంటి నంబర్లు 2,140లో 1,902 మీరు చెప్పిన లెక్కతో వెనక్కి వచ్చాయి. మిగతా 238 పన్ను రిజిస్టర్ చూసి కొడుతున్నారు. ఖాతా నంబర్లు సున్నాతో ముగిసేవి 460, పాస్‌బుక్ నకళ్ళు తెప్పిస్తున్నాం. విస్తీర్ణంలో ఒకే దశాంశం ఉన్నవి 1,370. అవి పూర్తయ్యే వరకు ఆ కాలమ్ నల్‌గానే (ఖాళీగా) ఉంచా.

ఓరుగల్లు_డీబీఏ
నల్ ఉంచడం మంచి పని. ఆ 460 ఖాతాలకు చెల్లింపులు పోకుండ ఒక గుర్తు కాలమ్ పెట్టి ఆపండి, పాస్‌బుక్ చూసినంక ఒక్కొక్కటి తెరవండి.

సొసైటీ_లెడ్జర్
పెట్టేశా అన్నా. ఖాతా_సరిచూశారా, డిఫాల్ట్ 0.